పోపు లేని గిన్నె

ఉప్పూ కారం తినేవాడికి రోషం ఉంటుందని మా వైపు ఒక నమ్మకం. ఎవరైనా మాట పడి ఊరుకుంటే "ఉప్పూ కారం తింటన్నావా లేదా?" అని నిలదీస్తారు. అది శుద్ధ అబద్ధం. నేను కారం మానేసి రెండో ఏడు నడుస్తోంది. కారం తిన్న రోజుల్లో ఇంత రోషం నాకు ఎప్పుడూ రాలేదు. ఇది రాస్తుంటే కూడా చెవులు వేడెక్కుతున్నాయి.

మాది నర్సీపట్నం. దగ్గర్లో ఒక పల్లెటూరి హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మా ఆయనకి టౌన్లోనే ఆఫీసు ఉద్యోగం. ఇంట్లో మేమిద్దరం, మా అత్తగారు. అబ్బాయి హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి వంట నాదే. మా ఆయనకి వంకాయ కూరలో గింజ కనపడకూడదు. అత్తగారికి చేపల పులుసు మర్నాటికి మిగలాలి, మిగలకపోతే అది పులుసే కాదు. పొద్దున్నే బస్సు అందుకునే లోపల ఈ షరతులన్నీ తీర్చి, చెయ్యి తుడుచుకుంటూ పరిగెత్తేదాన్ని. నీకేం ఇష్టమని ఎవరైనా అడిగితే నాకు వెంటనే గుర్తొచ్చేది కాదు. అయినా ఎవరూ అడగలేదు కాబట్టి ఇబ్బంది రాలేదు.

ఒక రోజు పళ్ళు తోముకుంటుంటే చెంపల లోపల భగ్గుమంది. అద్దంలో చూసుకుంటే లోపల తెల్లటి గీతలు, వాటి చుట్టూ ఎర్రగా ఒరుసుకుపోయినట్టు ఉంది. వేడి చేసిందన్నారు. మజ్జిగ తాగాను. సబ్జా గింజలు తాగాను. చెంపల లోపల తేనె రాసుకున్నాను. తగ్గలేదు. చివరికి విశాఖపట్నం వెళ్ళి పెద్ద డాక్టరుకి చూపించుకున్నాం. ఆవిడ ఒక ముక్క తీసి పరీక్షకి పంపి, ఫలితం వచ్చాక మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. ఇప్పటికి భయం లేదు, కానీ ఇది పూర్తిగా పోయే జబ్బూ కాదు. మందు మంటని అదుపులో పెడుతుంది. కారం, పులుపు, పొగలు కక్కే వేడి మానేయాలి. మానకుండా పుండ్లని రేపుకుంటూ పోతే ఎప్పుడైనా చెడ్డగా తిరగబడవచ్చు. "చెడ్డగా అంటే అర్థమైంది కదా?" అని మా ఆయన్ని చూసి మరీ అడిగింది. ఆయన గట్టిగా తలూపారు.

తిరిగి వస్తూ దారిలో టీ కోసం ఆగాం. ఆయన మిరపకాయ బజ్జీలు తెచ్చి నా ముందు పెట్టారు.

"ఒక్కటి తిను. ఒక్కదానికి ఏటౌద్ది?" అన్నారు.

డాక్టరు గది తలుపు మా వెనకాల మూసుకుని ఇంకా పూట కాలేదు. నాకు ఏడుపు రాలేదు. ఆ బజ్జీ తీసి ఆయన చొక్కా జేబులో పెట్టాలనిపించింది. పెట్టి ఉండాల్సింది.

ఆ తర్వాత విన్నన్ని "ఏటౌద్ది"లు నా జన్మలో వినలేదు. కొంచెమే వేశాను, ఏటౌద్ది. ఇది పచ్చిమిర్చి కాదు, మిరియాలు, ఏటౌద్ది. పక్కింటావిడ ఆవకాయలో ముక్క మాత్రం తుడుచుకుని తినమని సలహా ఇచ్చింది. పుండు మీద కారం చల్లడమనే మాట మనం ఎంత తేలిగ్గా వాడేస్తామో! నిజంగా పుండు మీద కారం పడిన మనిషి ఆ మాట మళ్ళీ వాడదు. రాత్రంతా గిన్నెలో చల్లటి నీళ్ళు పెట్టుకుని పుక్కిలించి ఉమ్మడమే. మర్నాడు క్లాసులో నోరు తెరిచి సమీకరణాలు చెప్పాలి.

కొన్ని నెలలు పాలన్నం తిన్నాను. పెరుగు పులిస్తే మంట కాబట్టి పాలు. పాలూ అన్నమూ, అన్నమూ పాలూ. మన దగ్గర కారం లేని తిండికి ఇంకో పేరు లేదు, అది పథ్యం. పథ్యం తినేవాళ్ళు రోగులు. నా కంచం చూసి ప్రతివాళ్ళూ "అయ్యో" అనేవారు. ఆ అయ్యో నాకు కారం కంటే ఎక్కువ మండేది. వేసవి సెలవులు వచ్చేసరికి ఆరు కిలోలు తగ్గాను. జాకెట్లన్నీ వదులైపోయాయి. స్టాఫ్‌రూమ్‌లో ఒకావిడ "బాగా సన్నబడ్డారు మేడమ్, డైటింగా?" అని అసూయగా అడిగింది.

ఆ సెలవుల్లోనే ఫోన్లో ఒక జపాన్ ముసలావిడ వీడియో కనపడింది. మాటల్లేవు. చిన్న వంటిల్లు, ఒక పొయ్యి. ఆవిడ బియ్యం కడిగి, ఎక్కువ నీళ్ళు పోసి, మెల్లగా ఉడికించింది. గుడ్డు గిలకొట్టి, ఏదో రసం కలిపి, వడకట్టి, ఆవిరి మీద పెట్టింది. ఒక చారు కాచింది. అన్నీ చిన్న చిన్న గిన్నెల్లో సర్దుకుని, తీరిగ్గా కూర్చుని, ఒక్కర్తీ తింది. ఒక్క మిరపకాయ లేదు. చింతపండు లేదు. ఆవిడకి జబ్బేమీ లేదు. గుండ్రాయిలా ఉంది. రోజూ తినే తిండి అది, ఇష్టంగా తినే తిండి. నేను ఆ వీడియో ఆపి మళ్ళీ మొదటినుంచి చూశాను. చప్పగా ఉన్నది రోగి తిండి కానక్కర్లేదని అంత వయసొచ్చాక నాకు తెలిసింది. అప్పుడు కూడా నాకు కోపమే వచ్చింది. ఇన్ని నెలలు నన్ను పాలన్నంతో ఎందుకు ఏడిపించారని.

మొదట జావ. దాన్ని వాళ్ళు ఒకాయు అంటారట. బియ్యం మెత్తగా జారిపోవాలి, మెతుకు మాత్రం మెతుకులా కనపడాలి. మా ఇంట్లో వాడే పాత బియ్యంతో అది రాలేదు. ఎంత ఉడికించినా మెతుకు దేనికది విడిపోయింది. దీనికి కొత్త బియ్యం కావాలి. మనకి కొత్త బియ్యమంటే తలవంపు. అన్నం ముద్దయితే ఆ ఇంటి కోడలికి వంట రాదన్నట్టే. నేను కృష్ణదేవిపేట నుంచి వచ్చే మా స్కూలు ఆయాని అడిగి, అప్పుడే ఆడించిన బియ్యం తెప్పించుకున్నాను. ఆవిడ "కొత్తవి అతుక్కుపోతాయండీ, పాతవి తెస్తానుండండి" అని బతిమాలింది. అతుక్కుపోయేవే కావాలన్నాను. నా వంక జాలిగా చూసింది.

తర్వాత చారు. వాళ్ళు దాన్ని ఎండబెట్టిన చిన్న చేపలతో కాస్తారు. చూడగానే నవ్వొచ్చింది, అవి మన ఎండు నెత్తళ్ళే. మా మార్కెట్లో ఎండుచేపలమ్మే చోట బుట్టల్లో పోసి ఉంటాయి. తల, పొట్ట తీసేసి, చల్లటి నీళ్ళలో నానబెట్టి, సన్నటి మంట మీద కాచి వడకడితే తేటగా బంగారు రంగులో నీళ్ళు దిగుతాయి. పొయ్యి ఆపాక అందులో మిసో కలపాలి. సోయా గింజల్ని ఉప్పు వేసి నెలల తరబడి ఊరబెట్టిన ముద్ద అది. ఆన్‌లైన్‌లో తెప్పించాను. కొంచెమే వేస్తే నా నోరు ఊరుకుంటుంది. అందులో నాలుగు మునగాకులు వేస్తే ఆ ముసలావిడ కూడా కాదనదు.

మా అత్తగారు మిసో డబ్బా మూత తీసి వాసన చూసి ముఖం పక్కకి తిప్పేసుకున్నారు.

"ఏటే ఇది? కుళ్ళిపోయిన పప్పు డబ్బాలో ఎట్టి అమ్ముతన్నారా?"

"ఊరబెట్టిందండీ అత్తయ్యా. మన ఊరగాయలాగే."

"ఊరగాయకి కారముంటాది. దీనికేటుంది?"

నెత్తళ్ళ సంగతి ఇంకా ఘోరం. కాచిన నీళ్ళు ఉంచుకుని చేపలు తీసేస్తుంటే ఆవిడ గుండెలు బాదుకున్నారు. "ఒలమ్మోలమ్మ, సేపలు పారీసి నీళ్ళు తాగుతాదట! ఇలాగ వండినోళ్ళని నేనెక్కడా సూడ్లేదు." ఆ చేపల్ని ఆవిడే వంకాయలో వేసి, బోలెడు కారం కొట్టి వండుకుని తిన్నారు. తిన్నందుకు నాకు సంతోషమే. తింటూ కూడా తిట్టడమే భరించలేకపోయాను.

గుడ్డు వంటకి నేను ఇడ్లీ పాత్ర వాడాను. ఇడ్లీ రేకులు తీసేసి, అడుగున నీళ్ళు పోసి, రెండు చిన్న స్టీలు గ్లాసుల్లో గుడ్డూ నెత్తళ్ళ రసమూ కలిపి పోసి, మూతకి గుడ్డ కట్టి, మంట బాగా తగ్గించాను. మొదటిసారి మంట ఎక్కువై బొక్కలు బొక్కలుగా పొంగింది. మూడోసారికి జున్నులా నున్నగా కుదిరింది. చెంచాతో తీసుకుని నాలిక మీద పెట్టుకుంటే మంట లేదు. నమలక్కర్లేదు. చేప వాసన, గుడ్డు వాసన, ఉప్పు, అన్నీ వేరువేరుగా తెలిశాయి. అన్నేళ్ళూ నేను వండిన వంటల్లో కారం తప్ప మిగతావన్నీ ఎక్కడికి పోయాయో! వంటింట్లో నిలబడి రెండు గ్లాసులూ ఖాళీ చేశాను. ఎన్నో నెలల తర్వాత కడుపు నిండా తిన్నాను. ఆ తర్వాత బరువు మెల్లగా తిరిగి రావడం మొదలైంది. నోట్లో ఎరుపు తగ్గింది. డాక్టరు చూసి, ఏం తింటున్నావో అదే తినమంది.

ఇక్కడితో కథ సుఖాంతమవ్వాలి. నా గిన్నె నేను వండుకుంటున్నాను, వాళ్ళ గిన్నెలు కూడా నేనే వండుతున్నాను. వంకాయలో గింజలు కనపడనివ్వడం లేదు. పులుసు మిగులుతూనే ఉంది. ఎవరికేం తక్కువైంది? కానీ మన ఇళ్ళల్లో ఆడది తన కోసం వేరే గిన్నె పెట్టుకోవడం మామూలు విషయం కాదు. మొగుడికి షుగరొస్తే ఇల్లంతా రాగులూ జొన్నలూ పండగ చేసుకుంటుంది. కోడలికి నోరు పూస్తే వేరుకాపురం పెట్టినంత గొడవ.

ఒక ఆదివారం అన్నం ముద్దలు చేశాను. ఒనిగిరి అంటారు. చెయ్యి తడి చేసుకుని, ఉప్పు రాసుకుని, కొత్త బియ్యపు అన్నాన్ని గట్టిగా నొక్కాలి. చుట్టూ నల్ల నువ్వులు అద్దాను. పళ్ళెంలో పెట్టి పక్కకి తిరిగానో లేదో, మా అత్తగారు కేక పెట్టారు.

"ఒసే, ఇంట్లో మొగోడు నిలువునా ఉండగా పిండాలు సేస్తావేటే!"

నేను పళ్ళెం వైపు చూశాను. తెల్లటి అన్నం ముద్ద, మీద నల్ల నువ్వులు. నిజమే, అచ్చం అలాగే ఉంది. నాకు నవ్వు ఆగలేదు. ఆ నవ్వు చూసి ఆవిడకి మరీ మండిపోయింది. మా ఆయన వచ్చి చూసి, "తినడానికి ఇంకేం దొరకలేదా నీకు? అమ్మ భయపడతంది" అన్నారు. అమ్మ భయం ఆయనకి తెలిసింది. ఈ వంటలు నేర్చుకునేదాకా ఆయన భార్య వారానికి ఎన్ని రోజులు ఖాళీ కడుపుతో బడికి వెళ్ళిందో ఆయనకి తెలియదు.

మర్నాడు పంతానికి వాటినే డబ్బాలో పెట్టుకుని బడికి పట్టుకెళ్ళాను. సోషల్ చెప్పే మాస్టారు తొంగి చూసి "ఏటి మేడమ్, కాకులకా?" అన్నారు. స్టాఫ్‌రూమంతా నవ్వింది. "అవునండీ, అరుస్తున్నాయి కదా, పెడదామని తెచ్చాను" అన్నాను. ఆ తర్వాత ఆయన నా డబ్బా జోలికి రాలేదు. నోరు పాడైనా మాటలకి లోటు రాలేదు.

కోపం కోపంగానే ఉంటే బాగుండేది. కానీ ఒక సాయంత్రం అది ఇంకో మెట్టు ఎక్కింది. ఆ రోజు బడిలో పరీక్షల పని, ఆకలితో ఇంటికి వచ్చాను. పొద్దున్న కాచిపెట్టిన నా చారు గిన్నె పొయ్యి మీద గోరువెచ్చగా ఉంది. వాసన తేడాగా అనిపించింది కానీ పక్కనే పప్పు గిన్నె ఉంది కదా అనుకున్నాను. లైటు కూడా వెయ్యకుండా గిన్నెలోకి వంచుకుని, పెద్ద గుక్క తాగాను.

నోట్లో నిప్పు పోసినట్టయింది. ఉమ్మేశాను. అప్పటికే గొంతులోకి దిగింది. నీళ్ళు పోసుకుంటూ, కళ్ళనీళ్ళు కారుస్తూ సింకు పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. గిన్నెలోకి చూస్తే తేటగా ఉండాల్సిన చారు మీద ఎర్రటి నూనె తేలుతోంది. ఆవాలు, జీలకర్ర, ఇంగువ. పోపు.

మా అత్తగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆవిడ ముఖంలో కూడా భయం ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

"మిరపకాయలు ఏరీసేనే. ఒక్కటీ లేకండా ఏరీసేను. మరింక కారమెక్కడిది?"

నూనెలో మిరపకాయల్ని నల్లగా వేయించి, వాటిని ఏరి పారేసి, ఆ నూనె నా గిన్నెలో పోశారు. కాయ పోతే కారం పోయిందని ఆవిడ లెక్క. ఎన్ని వేల పోపులు పెట్టిన చెయ్యి అది!

"ఎందుకు పోశారండీ?" అన్నాను. గొంతు బొంగురుగా వచ్చింది.

"పోపు లేకపోతే అది సారేటే? కడిగిన నీళ్ళు. నువ్వలాగ తాగుతంటే సూడ్లేకపోతన్నాను."

నా మీద ప్రేమతోనే చేశారని మా ఆయన తీర్పు చెప్పారు. ఆయన ఇంటికి వచ్చేసరికి నేను నోట్లో ఐసుముక్క పెట్టుకుని కూర్చున్నాను. మాట్లాడలేను. ఆవిడ మాట్లాడగలరు, కాబట్టి ఆవిడ కథే ఆయన విన్నారు. విని, "అమ్మ మంచికే సేసింది. పెద్దావిడ, తెలీదు. దానికింత రాద్ధాంతం ఎందుకు?" అన్నారు. ఐసుముక్క నోట్లో పెట్టుకున్న మనిషి రాద్ధాంతం ఎలా చేస్తుందో నాకు అర్థం కాలేదు. తెలియకపోతే అడగొచ్చు. పెద్దావిడకి తెలియదు సరే, విశాఖపట్నంలో తలూపిన పెద్దమనిషికి తెలుసు కదా. ఆయన ఆ తల ఎక్కడ పెట్టి వచ్చారు?

చెంపలు మళ్ళీ పుండ్లు పడ్డాయి. మందు రెట్టింపు చేశారు. వారం పైగా ద్రవాలే. ఆ తర్వాత నా గిన్నె వండి బెడ్‌రూమ్ బీరువా పక్కన స్టూలు మీద పెట్టి, తలుపుకి తాళం వేసి బడికి వెళ్ళడం మొదలుపెట్టాను. సొంత ఇంట్లో చారు గిన్నెకి తాళం. అది ఊరంతటికీ తెలిసింది. అత్తకి పెట్టకుండా అన్నం దాచుకునే కోడలని పేరొచ్చింది. పేరు రావడం నాకు బాధ లేదు. తాళం వెయ్యాల్సి రావడమే నన్ను కోసేసింది. వాళ్ళ తిండిలో నేనెప్పుడైనా చెయ్యి పెట్టానా?

అలా నడుస్తుండగా మా ఆయన పెదనాన్నగారు పోయారు. ఊరు కృష్ణదేవిపేట దాటాక ఉంటుంది. పొలం గట్టు తగాదాలో మాటలు పోయి, ఆయన మా గడప తొక్కి ఏళ్ళయింది. మా పెళ్ళికి కూడా రాలేదు. అయినా దాయాదులం కాబట్టి మైల మాకూ ఉంది. మా ఇళ్ళల్లో మైల ఉన్నన్నాళ్ళూ పొయ్యి మీద మూకుడు ఎక్కదు. నూనె కాగకూడదు. పోపు పెట్టకూడదు, ఆ వాసన వీధిలోకి వెళితే చావింట్లో సంబరమన్నట్టు. కారం వెయ్యరు. నీచు ముట్టరు. పప్పు ఉడికించి ఉప్పు వెయ్యడం, ఆనపకాయ ఉడికించి ఉప్పు వెయ్యడం. చప్పిడి కూడు. పెద్దదినం అయ్యేదాకా అంతే.

నేను చప్పిడి వండాను. మా ఆయన వచ్చి కూర్చుని, తలవంచుకుని తిన్నారు. ఒక్క మాట అనలేదు. మారు వడ్డించమన్నారు కూడా. మా అత్తగారు తిన్నారు. పరామర్శకి వచ్చిన పక్కింటావిడ కంచం చూసి నిట్టూరిస్తే ఆవిడే సర్దిచెప్పారు.

"రుసి సూసుకుంటామేటమ్మా ఇప్పుడు? పోయినోళ్ళ కోసం నోరు కట్టుకోవాల."

నేను గరిటె పట్టుకుని అక్కడే నిలబడ్డాను. గట్టు మీద కర్రలు లేపుకున్న మనిషి కోసం, ఇంటికి రాని మనిషి కోసం, ఇల్లంతా నోరు కట్టుకుంది. మొహమాటం లేదు, వెక్కిరింత లేదు, ఏటౌద్ది లేదు. "కొంచెం పోపు పెట్టు, పెదనాన్నకి ఏం తెలుస్తుంది" అని మా ఆయన అనలేదు. మిరపకాయలు ఏరేసి నూనె పోద్దామని మా అత్తగారికి తోచలేదు. అంటే వీళ్ళకి చేతకాక కాదు. ఇన్నాళ్ళూ వీళ్ళకి అర్థం కాలేదని, పాతకాలం మనుషులని, నాలికకి అలవాటని ఏవేవో సర్దిచెప్పుకున్నాను. అన్నీ వచ్చు వీళ్ళకి. చచ్చినవాళ్ళ కోసమైతే వచ్చు.

ఆ మాట అప్పుడే అనేదాన్ని. మైల ఇల్లు, వచ్చేపోయే జనం. నోరు మూసుకున్నాను. ఆ రోజులన్నీ పళ్ళ బిగువున మోసిన మాట అది.

పెద్దదినం అయిపోయింది. మర్నాడు పొద్దున్నే మా అత్తగారు నాకంటే ముందే వంటింట్లోకి వచ్చేశారు. మూకుడు పెట్టి నూనె పోశారు. ఆవాలు చిటపటలాడాయి, మిరపకాయల ఘాటు ఇల్లంతా అలుముకుంది. హాల్లోంచి మా ఆయన "హమ్మయ్య, ఇప్పుడు ఇల్లు ఇల్లులాగుంది" అన్నారు. ఆవిడ పప్పులో పోపు కలిపి, గరిటెలో మిగిలినది పట్టుకుని పక్కకి తిరిగారు. పక్క పొయ్యి మీద నా జావ గిన్నె మూత తీసి ఉంది.

కావాలని చేశారో, చెయ్యి దానంతటది వెళ్ళిందో నాకు తెలియదు. నాకు అనవసరం కూడా. నా అరచెయ్యి గిన్నె మీద అడ్డంగా పెట్టాను.

"సెయ్యి తియ్యి, కాల్తాది," అన్నారు ఆవిడ.

"కాలనివ్వండి."

"ఏటే ఆ మొండితనం? ఒక సుక్క. శుభమా అని ఇయ్యాల పోపెట్టుకుంటన్నాం. నీ ఒక్కదానికే ఇంకా మైలేటి?"

"నా గిన్నెలో వద్దండీ."

"నీ గిన్నె, నీ గిన్నె! కాపరానికొచ్చిన కాణ్ణించి ఈ ఇంటికి వండేను. నా నోటికేటి కావాలని నన్నెవడడిగేడు?" ఆవిడ చేతిలో గరిటె ఊగి, ఒక వేడి నూనె చుక్క నా మణికట్టు మీద పడింది.

"ఆ మాట నన్ను కాదు అడగాల్సింది. మీ అబ్బాయి వెనకాలే ఉన్నారు, ఆయన్ని అడగండి," అన్నాను.

మా ఆయన గుమ్మంలో నిలబడ్డారు. తల్లి వైపు చూడలేదు. గోడ మీద గడియారం చూసి, నా వైపు విసుగ్గా తిరిగారు.

"పొద్దున్నే ఏటీ గోల? అసలు నీకేటి కావాలో సెప్పు."

పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఆ ప్రశ్న అడిగారు. ఎలా అడిగితేనేం, చెప్పాను.

"నేను పోతే మీరు పెద్దదినం దాకా చప్పిడి తింటారు కదండీ. పోపు పెట్టరు, కారం వెయ్యరు, ఎవరూ ఏమీ అనరు. ఆ మర్యాద నాకు ఇప్పుడే ఇచ్చేయండి. ఇల్లంతటికీ అక్కర్లేదు, ఒక్క గిన్నెకి చాలు. పోయాక నాకేమీ వద్దు. కాల్చి వచ్చిన సాయంత్రమే మూకుడు పెట్టుకోండి, మిరపకాయలు వేయించుకోండి. నేను అడ్డం రాను."

"ఛీ, ఏం మాటలవి!" అన్నారు ఆయన.

"అశుభం మాటలాడకే," అన్నారు అత్తగారు. కానీ గరిటె నా గిన్నె మీంచి తీసి, పప్పులో బోర్లించేశారు.

ఆయన టిఫిన్ తినకుండా చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. ఆవిడ పీట మీద కూలబడి పమిట కొంగుతో ముఖం తుడుచుకున్నారు. ఎవరూ తప్పయిందనలేదు. నేనూ ఎవరినీ ఓదార్చలేదు. మణికట్టు చన్నీళ్ళ కింద పెట్టి, తుడుచుకుని, నా జావ గిన్నెలో పోసుకుని, హాల్లో బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చున్నాను. బస్సుకి టైమైపోయింది. పోతే పోయిందని చివరి మెతుకు దాకా తిన్నాను.